మార్చ్ మ్యాడ్‌నెస్: టోర్నీ ఒకటే, ఎవరి ఆట వాళ్లది

2023 మార్చి 17 రాత్రి ఓహయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఒకవైపు పర్డ్యూ యూనివర్సిటీ. ఇండియానాలో ఉన్న ఈ యూనివర్సిటీ పేరు మన ఇంజనీరింగ్ పిల్లలకి బాగా తెలుసు. ఆ జట్టులో జాక్ ఈడీ అనే కుర్రాడి ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు అతనే. రెండోవైపు న్యూజెర్సీకి చెందిన ఫెయిర్లీ డికిన్సన్ యూనివర్సిటీ. అమెరికాలో పై స్థాయి కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడేవి 360కి పైగా జట్లు ఉంటే, వాటన్నిట్లోకీ సగటు ఎత్తు తక్కువ ఉన్న జట్టు ఇదే. అంతకుముందు ఏడాది 26 మ్యాచ్‌లు ఆడి నాలుగే గెలిచింది. ఈసారి టోర్నీకి రావడం కూడా కలిసొచ్చి జరిగిందే. తన లీగ్ ఫైనల్లో మెరిమాక్ కాలేజీ చేతిలో ఓడిపోయింది. కానీ మెరిమాక్ కింది డివిజన్ నుంచి కొత్తగా పైకి వచ్చింది కాబట్టి నిబంధనల ప్రకారం దానికి ఇంకా అర్హత లేదు. ఆ సీటు వీళ్లకి దక్కింది.

ఫెయిర్లీ డికిన్సన్ 63, పర్డ్యూ 58.

మన దగ్గర కాలేజీ ఆటలంటే అంతర్ కళాశాలల పోటీలు, గ్రౌండ్ పక్కన నిలబడి చూసే యాభై మంది స్నేహితులు. అమెరికాలో అదే కాలేజీ పిల్లల ఆట మార్చి నెలలో మూడు వారాలపాటు దేశాన్ని కదలనివ్వదు. దీన్ని నడిపేది ఎన్‌సీఏఏ అనే సంస్థ. జనం పిలిచే పేరు మార్చ్ మ్యాడ్‌నెస్. 68 జట్లు, 67 మ్యాచ్‌లు, ఓడినవాళ్లు నేరుగా ఇంటికే. సిరీస్ ఉండదు, రెండో అవకాశం ఉండదు.

ఇంత హడావుడి ఎందుకని ఎవరినైనా అడిగితే ‘ఎప్పుడు ఎవరు గెలుస్తారో తెలియదు కదా’ అంటారు. ఆ మాట నిజమే గానీ దాంతో సరిపోదు. ఎవరు గెలుస్తారో తెలియని ఆటలు చాలా ఉన్నాయి, వాటిని ఇంతమంది చూడరు. నాకు కనిపించే కారణం వేరు. ఇక్కడ 68 జట్లు ఒకే కప్పు కోసం ఆడుతున్నట్టు కనిపిస్తాయి కానీ, నిజంగా కప్పు మీద ఆశ పెట్టుకున్నవి పదో పన్నెండో. మిగతావాళ్లు వేరే వేరే వాటికోసం వస్తారు. ఒకరికి కప్పు, ఒకరికి పరువు, ఒకరికి డబ్బు, ఒకరికి ఉద్యోగం, ఒకరికి జీవితంలో ఆఖరి మ్యాచ్. వీళ్లందర్నీ ఒకే నలభై నిమిషాల ఆటలో ఎదురెదురుగా నిలబెట్టడమే ఈ టోర్నీ కిటుకు.

లోపలికి రెండు దారులు

68 జట్లు ఎలా వస్తాయో తెలిస్తే సగం అర్థమైనట్టే. అమెరికన్ కాలేజీలు కాన్ఫరెన్సులుగా విడిపోయి ఉంటాయి. కాన్ఫరెన్స్ అంటే మీటింగ్ అనుకోకండి, మన భాషలో లీగ్ అన్నమాట. ఎస్‌ఈసీ, బిగ్ టెన్ లాంటివి పెద్దవి. వాటి వెనక డబ్బు, టీవీ, లక్షల్లో అభిమానులు. చిన్న లీగుల్లో కొన్ని జట్లు ఊరికీ ఊరికీ మధ్య రాత్రంతా బస్సుల్లో తిరుగుతూ, సగం నిండిన జిమ్ముల్లో ఆడతాయి.

మొదటి దారి: ప్రతి కాన్ఫరెన్స్ మార్చి మొదట్లో తనకంటూ ఒక చిన్న టోర్నీ పెట్టుకుంటుంది. అది గెలిచిన జట్టుకి పెద్ద టోర్నీలో సీటు ఖాయం. 2025లో ఇలా వచ్చినవి 31. రెండో దారి: మిగిలిన 37 సీట్లని పన్నెండు మంది సభ్యుల కమిటీ కూర్చుని పంచుతుంది. ఈ సభ్యులు కాలేజీల క్రీడా డైరెక్టర్లు, కాన్ఫరెన్సుల కమిషనర్లు. తమ కాలేజీ గురించి చర్చ వచ్చినప్పుడు ఆ సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లిపోవాలి. ఎవరిని ఎవరు ఓడించారు, ఎక్కడ ఓడించారు, ఆ ఓడినవాళ్ల స్థాయి ఏమిటి అని లెక్కగట్టే నెట్ అనే ర్యాంకింగ్ పద్ధతి వీళ్ల ముందుంటుంది. ఒక ఆదివారం సాయంత్రం జాబితా మొత్తం టీవీలో ప్రకటిస్తారు. దానికి సెలక్షన్ సండే అని పేరు. గట్టున వేలాడుతున్న జట్లని ‘బబుల్ మీద ఉన్నాయి’ అంటారు. ఆ జట్ల కుర్రాళ్లు టీవీ ముందు కూర్చుని తమ పేరు కోసం చూసే చూపులు, ఇంటర్నెట్ సెంటర్ల ముందు ఎంసెట్ ర్యాంకుల కోసం నిలబడ్డ తరానికి వేరే చెప్పక్కర్లేదు.

చిన్న లీగుల నుంచి సాధారణంగా ఒక్క జట్టే వస్తుంది. అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆడిన ముప్పై మ్యాచ్‌లూ ఒక ఎత్తు, మార్చిలో ఆడే మూడు నాలుగు మ్యాచ్‌లు ఒక ఎత్తు. సీజనంతా అగ్రస్థానంలో ఉండి లీగ్ ఫైనల్లో ఒక్క బుట్ట తేడాతో ఓడితే, ఆ నాలుగు నెలల కష్టానికి పెద్ద టోర్నీలో విలువ సున్నా. దీన్ని అన్యాయం అనొచ్చు. నేనూ అంటాను. కానీ ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టుకి కూడా మార్చి మొదటి వారం దాకా ఆశ బతికుంటుందంటే ఈ అన్యాయం వల్లే.

2024లో నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీ సంగతి చూడండి. రెగ్యులర్ సీజన్‌లో ఆఖరి నాలుగు మ్యాచ్‌లూ వరసగా ఓడింది. కమిటీ దారిన సీటు వచ్చే అవకాశమే లేదు. కాన్ఫరెన్స్ టోర్నీలో ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి, ఆఖర్న తమ పాత ప్రత్యర్థి నార్త్ కరోలైనానే ఓడించి లోపలికొచ్చింది. వచ్చింది వచ్చినట్టు ఆగకుండా సెమీఫైనల్ దాకా వెళ్లింది. గట్టు మీద ఉన్న ఏదో ఒక జట్టు ఇలాంటి వాళ్ల వల్లే ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. ఇలా అడ్డం పడి సీటు పట్టుకుపోయేవాళ్లకి అక్కడి జనం పెట్టిన పేరు ‘బిడ్ స్టీలర్’, అంటే సీటు దొంగ.

ఒక్క మ్యాచ్ లెక్క

లోపలికి వచ్చాక జట్లని నాలుగు ప్రాంతాలుగా, ప్రతి ప్రాంతంలో 1 నుంచి 16 దాకా వరస నంబర్లు ఇచ్చి పెడతారు. ఈ నంబరే సీడ్. ఒకటో సీడ్ పదహారో సీడ్‌తో, రెండోది పదిహేనోదానితో ఆడుతుంది. లీగ్ గెలిచి వచ్చినవాటిలో అట్టడుగు నాలుగు జట్లు, కమిటీ సీటు వచ్చినవాటిలో ఆఖరి నాలుగు జట్లు ముందుగా ఓహయోలోని డేటన్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడి 64లోకి రావాలి. ఆ తర్వాతి గురు, శుక్రవారాల్లో రోజుకి 16 మ్యాచ్‌లు, మధ్యాహ్నం మొదలై అర్ధరాత్రి దాకా. ఆఫీసుల్లో ఆ రెండు రోజులు పని ఎంత జరుగుతుందో మేనేజర్లు అడగరు, వాళ్ల స్క్రీన్ మీదా అదే నడుస్తూ ఉంటుంది కాబట్టి.

కప్పు కావాలంటే ఆరు మ్యాచ్‌లు వరసగా గెలవాలి. పదిలో తొమ్మిది మ్యాచ్‌లు గెలిచేంత బలమైన జట్టుని తీసుకోండి. అది ఆరూ గెలిచే అవకాశం నూటికి 53 మాత్రమే. పదిలో ఎనిమిది గెలిచే జట్టయితే ఆ అవకాశం 26కి పడిపోతుంది. అదే జట్టు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏలోలాగా ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆడితే ఒక్కో సిరీస్ గెలిచే అవకాశం నూటికి దాదాపు 97. అంటే సిరీస్ పద్ధతి బలమైనవాణ్ణి కాపాడుతుంది, ఒక్క మ్యాచ్ పద్ధతి కాపాడదు. 2023 వన్డే ప్రపంచకప్‌లో వరసగా పది గెలిచి అహ్మదాబాద్‌లో పదకొండోది ఓడిన జట్టు అభిమానులం, మనకి దీని చేదు కొత్త కాదు.

ఆట తీరు కూడా బలహీనుడికి సాయం చేస్తుంది. బాస్కెట్‌బాల్‌లో దూరం నుంచి వేసే బుట్టకి మూడు పాయింట్లు. ఆ బంతి పడటం పడకపోవడం రోజుని బట్టి ఉంటుంది. 2024లో మిషిగన్‌కి చెందిన ఓక్లండ్ అనే చిన్న యూనివర్సిటీ కెంటకీ మీద ఆడింది. కెంటకీ అంటే ఎనిమిది సార్లు ఛాంపియన్, ఎన్‌బీఏకి కుర్రాళ్లని సరఫరా చేసే కార్ఖానా. ఓక్లండ్ తరఫున జాక్ గోల్కీ అనే కుర్రాడు ఇరవై సార్లు దూరం నుంచే వేసి పది బుట్టల్లో వేశాడు. అతను అంతకుముందు ఆడింది రెండో డివిజన్ కాలేజీలో. ఓక్లండ్ 80, కెంటకీ 76. మర్నాడు పది వేసినవాడే మూడు కూడా వేయలేకపోవచ్చు. కానీ మర్నాడు మళ్లీ ఆడమనే రూలు ఇక్కడ లేదు.

కాబట్టి దేశంలో ఉత్తమ జట్టు ఏదో తేల్చడానికి ఇది అంత మంచి పద్ధతి కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. 1985లో ఎనిమిదో సీడ్ విల్లనోవా ఫైనల్లో వేసిన 28 షాట్లలో 22 బుట్టలో పడి, తమకన్నా ఎంతో బలమైన జార్జ్‌టౌన్‌ని 66-64తో ఓడించింది. జార్జ్‌టౌన్‌తో పదిసార్లు ఆడితే విల్లనోవా ఎన్నిసార్లు గెలుస్తుందని ఎవరూ అడగలేదు.

ఎవరు దేనికోసం

ముందు ఆటగాళ్లు. కాలేజీలో ఆడేవాళ్లలో నూటికి ఒకరిద్దరు తప్ప ఎన్‌బీఏ గుమ్మం తొక్కరు. మిగతావాళ్లలో కొందరు యూరప్‌లోనో ఆసియాలోనో ఆడతారు, ఎక్కువమంది బ్యాంకుల్లో, స్కూళ్లలో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో పనికి చేరతారు. ఏడెనిమిదేళ్ల వయసు నుంచి రోజూ బంతి పట్టుకున్న కుర్రాడికి ఆఖరి ఏడాదిలో మార్చి నెల ఓటమి అంటే ఆ మ్యాచ్ పోవడం కాదు, ఆట పోవడం. బెంచీ మీద తువ్వాలు మొహాన కప్పుకుని ఏడ్చే కుర్రాళ్లని ప్రతి ఏడాదీ చూస్తాం. బయటినుంచి చూస్తే అతి అనిపిస్తుంది. ఇరవై రెండేళ్లకే రిటైర్ అవుతున్నామని తెలిసిన మనుషులు వాళ్లు.

తర్వాత కోచ్‌లు. చిన్న కాలేజీ కోచ్‌కి ఈ టోర్నీ దేశం మొత్తం చూసే ఇంటర్వ్యూ లాంటిది. పర్డ్యూని ఓడించిన ఫెయిర్లీ డికిన్సన్ కోచ్ టోబిన్ ఆండర్సన్ కొద్ది రోజుల్లోనే అయోనా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. 2022లో సెయింట్ పీటర్స్ కోచ్ షహీన్ హాలోవే తాను చదువుకున్న సీటన్ హాల్‌కి వెళ్లాడు.

ఆ సెయింట్ పీటర్స్ కథ కొంచెం నిదానంగా చెప్పాలి. మనవాళ్లు బాగా ఉండే జెర్సీ సిటీలో ఒక చిన్న క్యాథలిక్ యూనివర్సిటీ అది. బాస్కెట్‌బాల్ మీద పెద్ద జట్లు పెట్టే ఖర్చుతో పోలిస్తే వీళ్లది లెక్కలోకి రాదు. పదిహేనో సీడ్‌గా వచ్చి మొదటి మ్యాచ్‌లో రెండో సీడ్ కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85-79తో ఓడించింది. తర్వాత ముర్రే స్టేట్ యూనివర్సిటీని, ఆ తర్వాత పర్డ్యూని. అవును, మళ్లీ పర్డ్యూనే. అలా ఆఖరి ఎనిమిది జట్లలోకి చేరిన మొట్టమొదటి పదిహేనో సీడ్ అయింది. అక్కడ నార్త్ కరోలైనా 69-49తో ఇంటికి పంపింది. కొద్ది వారాల్లో కోచ్ లేడు, ప్రధాన ఆటగాళ్లు పలువురు వేరే కాలేజీలకి మారిపోయారు. గెలుపు ఆ జట్టుని నిలబెట్టలేదు, విడగొట్టింది. చిన్న జట్ల విజయాల్లో ఈ రెండో భాగాన్ని టీవీలో ఎక్కువ చూపించరు.

మరి కాలేజీకి మిగిలిందేమిటి? ఇక్కడే డబ్బు లెక్క వస్తుంది. ఎన్‌సీఏఏ టీవీ ఆదాయంలో కొంత భాగాన్ని ‘యూనిట్లు’గా పంచుతుంది. ఒక జట్టు ఫైనల్ మినహా ఆడిన ప్రతి మ్యాచ్‌కీ ఒక యూనిట్. గెలిచినా ఓడినా సరే, ఆడితే చాలు. ఒక్కో యూనిట్ విలువ ఆరేళ్లలో కలిపి దాదాపు 20 లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో 17 కోట్ల రూపాయల దరిదాపు. అయితే ఇది ఆ కాలేజీ చేతికి నేరుగా రాదు. కాన్ఫరెన్స్‌కి వెళ్తుంది, అక్కడినుంచి సభ్య కాలేజీలు పంచుకుంటాయి. సెయింట్ పీటర్స్ నాలుగు మ్యాచ్‌లు ఆడింది కాబట్టి నాలుగు యూనిట్లు. సీజనంతా ఆ జట్టుతో కొట్టుకున్న పక్క కాలేజీలన్నీ ఆ రెండు వారాలు దాని గెలుపు కోసం దేవుడికి దండం పెట్టుకుని ఉంటాయి.

ఎస్‌ఈసీ లాంటి పెద్ద లీగుకి ఈ డబ్బు చిల్లర, దాని టీవీ ఒప్పందాల ముందు ఇది కనిపించదు. చిన్న లీగుకి ఒక్క అదనపు యూనిట్ అంటే కొన్ని కాలేజీల ప్రయాణ ఖర్చులు, ఆడపిల్లల జట్ల నిర్వహణ, స్కాలర్‌షిప్పులు. అదే మ్యాచ్, అదే స్కోరు, కానీ రెండు వైపులా పందెం ఒకటి కాదు.

డబ్బు పక్కన పేరు. 2018లో లొయోలా షికాగో పదకొండో సీడ్‌గా సెమీఫైనల్‌కి వెళ్లినప్పుడు ఆటగాళ్లకన్నా ఎక్కువ పేరు వచ్చింది జట్టు కోసం ప్రార్థన చేసే సిస్టర్ జీన్‌కి. అప్పటికి ఆవిడ వయసు 98. చక్రాల కుర్చీలో, మెడలో జట్టు స్కార్ఫ్‌తో, మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లకి ప్రత్యర్థి జట్టు గురించి చెప్పేవారు. ఆ మూడు వారాల్లో ఆ యూనివర్సిటీకి వచ్చిన ప్రచారం ఏ ప్రకటనల కంపెనీ చేతా కాదు. ఇలాంటి గెలుపు తర్వాత అడ్మిషన్ దరఖాస్తులు పెరగడం అమెరికాలో అందరూ ఆశించేదే.

ఇక పెద్ద జట్లు. వీళ్లని నడిపేది ఎక్కువగా భయమే అని నా అభిప్రాయం. గెలిస్తే ‘గెలవాల్సిందేగా’ అంటారు, ఓడితే జన్మంతా చెప్పుకుంటారు. 2018 దాకా పురుషుల టోర్నీలో ఒకటో సీడ్‌లు పదహారో సీడ్‌ల మీద ఆడిన 135 మ్యాచ్‌లూ గెలిచాయి. 136వది వర్జీనియా యూనివర్సిటీది. ఆ ఏడాది దేశంలో నంబర్ వన్ జట్టు, 31 గెలిచి రెండే ఓడింది. ఎదురుగా మేరీల్యాండ్‌కి చెందిన యూఎంబీసీ. ఎమ్మెస్‌కి వెళ్లే మన పిల్లలకి తెలిసిన పేరే. ఆటల్లో దానికి ఉన్న కీర్తి అంతకుముందు చదరంగం జట్టు వల్ల వచ్చింది. లీగ్ ఫైనల్లో అర సెకను మిగిలి ఉండగా జైరస్ లైల్స్ దూరం నుంచి వేసిన బుట్టతో టోర్నీలోకి వచ్చింది. సగం ఆట అయ్యేసరికి 21-21. ఆఖరికి యూఎంబీసీ 74, వర్జీనియా 54. ఓవర్‌టైమ్ కాదు, ఒక్క బుట్ట తేడా కాదు, ఏకంగా 20 పాయింట్లు.

వర్జీనియా మరుసటి ఏడాది దాదాపు అదే ఆటగాళ్లతో, అదే కోచ్‌తో తిరిగొచ్చి కప్పు కొట్టింది. పర్డ్యూ కూడా 2021లో పదమూడో సీడ్ చేతిలో, 2022లో పదిహేనో సీడ్ చేతిలో, 2023లో పదహారో సీడ్ చేతిలో ఓడి, 2024లో జాక్ ఈడీతోనే ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ కనెక్టికట్ 75-60తో గెలిచింది. మూడేళ్లు దేశం నవ్విన జట్టు ఫైనల్లో ఓడినా తల ఎత్తుకునే ఇంటికెళ్లింది.

చూసేవాడికి ఏం పట్టింది

ఇంతవరకు ఆడేవాళ్ల సంగతి. ఏ కాలేజీతోనూ సంబంధం లేని కోట్లమంది ఎందుకు చూస్తారు? జవాబు ఒక కాగితం. 64 జట్ల పేర్లు, వాటి మధ్య గీతలు ఉండే ఈ పటాన్ని బ్రాకెట్ అంటారు. మొదటి మ్యాచ్‌కి ముందే 63 మ్యాచ్‌ల విజేతల్ని ఊహించి రాయాలి. ఆఫీసులో, కుటుంబంలో, స్నేహితుల గుంపులో తలా ఐదో పదో డాలర్లు వేసుకుని పోటీ పడతారు. అమెరికాలో ఉద్యోగంలో చేరిన మొదటి మార్చిలో మనవాళ్లకి కూడా టీమ్ నుంచి ఆ లింక్ వస్తుంది. గొంజాగా యూనివర్సిటీ ఏ రాష్ట్రంలో ఉందో తెలియకుండానే దాన్ని సెమీస్‌కి పంపిస్తారు. తీరా చూస్తే పదేళ్లుగా ఆట చూస్తున్న మేనేజర్‌కన్నా వీళ్లకే ఎక్కువ పాయింట్లు. ఒక్క మ్యాచ్ పద్ధతిలో అదృష్టం పాలు అంత ఎక్కువ మరి. తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య దూరం తక్కువ కాబట్టే తెలియనివాళ్లు కూడా ఆడతారు.

63 మ్యాచ్‌లూ సరిగ్గా చెప్పడం సాధ్యమా? ప్రతి మ్యాచ్‌కీ రెండు అవకాశాలు కాబట్టి మొత్తం రకాలు, రెండుని 63 సార్లు గుణించినంత. చదరంగం కనిపెట్టినవాడు రాజుని మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు అంటూ అడిగిన కథ మనందరికీ తెలుసు. ఆ బల్ల మీద 64వ గడిలో పడాల్సిన గింజల సంఖ్యా, ఈ బ్రాకెట్ల సంఖ్యా అక్షరాలా ఒకటే: దాదాపు 92 వేల కోటి కోట్లు. బలాబలాలు తెలిసినవాడికి అవకాశం ఇంతకన్నా మెరుగే, అయినా అసాధ్యానికి దగ్గరే. 2014లో వారెన్ బఫెట్ మద్దతుతో ఒక కంపెనీ, అన్నీ సరిగ్గా చెప్పినవాళ్లకి వంద కోట్ల డాలర్లు ఇస్తామంది. రెండో రోజు ముగిసేసరికి పోటీలో ఒక్క కాగితమూ మిగల్లేదు. ఇంటర్నెట్‌లో నమోదైనవాటిలో ఇప్పటిదాకా అందరికన్నా ముందుకెళ్లింది 2019లో ఓహయోకి చెందిన ఒకాయన. వరసగా 49 సరిగ్గా చెప్పి యాభయ్యో దాని దగ్గర దొరికిపోయాడు.

బ్రాకెట్ చేసే పని ఏమిటంటే, మీకు సంబంధం లేని మ్యాచ్‌ని మీ మ్యాచ్‌గా మార్చడం. నిన్నటిదాకా పేరు వినని జట్టు మీద మీరు టిక్కు పెట్టారు, ఈ రాత్రి అది ఓడిపోతుంటే మీకు టెన్షన్. ఒబామా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ప్రతి ఏడాదీ టీవీ కెమెరా ముందు తన బ్రాకెట్ నింపేవాడు. ఐదు డాలర్ల సరదాగా ఉన్నంతవరకు ఇది హాయిగానే ఉంది. 2018లో సుప్రీంకోర్టు క్రీడల బెట్టింగ్ మీద ఉన్న కేంద్ర నిషేధాన్ని కొట్టేశాక చాలా రాష్ట్రాల్లో ఫోన్ తీసి ప్రతి షాట్ మీదా పందెం కాయొచ్చు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక ఫ్రీ త్రో వదిలేస్తే రాత్రికల్లా అతని ఫోన్‌కి బూతులు వస్తాయి. ఈ మార్పు నాకు నచ్చలేదు.

ఒకప్పుడు పెద్దది ఇది కాదు

ఈ టోర్నీ 1939లో ఎనిమిది జట్లతో మొదలైంది, ఓహయో స్టేట్‌ని 46-33తో ఓడించి ఓరెగన్ గెలిచింది. దానికన్నా ఏడాది ముందే న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఎన్‌ఐటీ అనే టోర్నీ పుట్టింది. ఊరు పెద్దది, హాలు పెద్దది, పత్రికలన్నీ అక్కడే ఉన్నాయి. చాలాకాలం జట్లకి ఎన్‌ఐటీయే ముద్దు. 1950లో న్యూయార్క్ సిటీ కాలేజీ ఒకే ఏడాదిలో రెండూ గెలిచింది, మరుసటి ఏడాదే డబ్బు తీసుకుని స్కోరు తగ్గించిన కుంభకోణంలో దాని ఆటగాళ్లు దొరికారు. 1970లో మార్క్వెట్ యూనివర్సిటీ కోచ్ అల్ మగ్వైర్, తమ జట్టుని దూరంగా టెక్సాస్‌లో ఆడమన్నారని అలిగి, ఎన్‌సీఏఏ పిలుపు తోసిపుచ్చి ఎన్‌ఐటీకి వెళ్లి గెలిచాడు. ఆ తర్వాత ఎన్‌సీఏఏ తన పిలుపు వచ్చినవాళ్లు వేరే చోట ఆడకూడదని రూలు పెట్టింది. 1975లో ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒకటికన్నా ఎక్కువ జట్లని పిలవడం మొదలుపెట్టి 32కి, 1985లో 64కి పెంచింది. ఎన్‌ఐటీకి మిగుళ్లే మిగిలాయి. దాని నిర్వాహకులు కోర్టుకెక్కారు. 2005లో ఎన్‌సీఏఏ ఆ టోర్నీనే కొనేసి గొడవ ముగించింది.

ఆడవాళ్ల టోర్నీది మరో దారి. ఎన్‌సీఏఏ దాన్ని 1982లో మొదలుపెట్టి, నలభై ఏళ్లు చిన్నచూపే చూసింది. 2021లో ఓరెగన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ ఒక వీడియో పెట్టింది. మగవాళ్లకి పెద్ద హాలు నిండా వ్యాయామ పరికరాలు, ఆడవాళ్లకి ఒక్క స్టాండు మీద కాసిని డంబెల్స్. పరువు పోయాక విచారణ వేశారు. మరుసటి ఏడాది నుంచే మార్చ్ మ్యాడ్‌నెస్ అనే పేరు వాడుకునే హక్కు ఆడవాళ్లకీ వచ్చింది, జట్ల సంఖ్యా 68కి పెరిగింది. 2024లో సౌత్ కరోలైనా, అప్పటి కాలేజీ స్టార్ కెయిట్లిన్ క్లార్క్ ఆడిన అయోవా మధ్య ఫైనల్‌ని సగటున కోటీ 80 లక్షలకి పైగా చూశారు. మగవాళ్ల ఫైనల్‌కి కోటిన్నర మంది కూడా లేరు. అలా జరగడం అదే మొదటిసారి. అయినా ఆడవాళ్ల జట్లకి యూనిట్ల డబ్బు మొదలైంది 2025లో.

డబ్బు చేతులు మారాక

పురుషుల టోర్నీ టీవీ హక్కుల ప్రస్తుత ఒప్పందం 2032 దాకా ఉంది. 2016లో దాన్ని ఎనిమిదేళ్లు పొడిగించినప్పుడు ఆ పొడిగింపు విలువే 880 కోట్ల డాలర్లు. ఏడాదికి 110 కోట్లు. ఇంత సంపాదించి పెట్టే కుర్రాళ్లకి 2021 దాకా నిబంధనల ప్రకారం స్కాలర్‌షిప్ తప్ప ఏమీ లేదు. ఆ ఏడాది సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటోల మీద సంపాదించుకోవచ్చన్నారు. కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధన కూడా పోయింది. 2025 జూన్‌లో వచ్చిన మరో కోర్టు ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్ల దాకా తమ క్రీడాకారులకి పంచొచ్చు.

కుర్రాళ్ల చేతికి డబ్బు రావడం న్యాయమే, ఎప్పుడో రావాల్సింది. కానీ దాని ఫలితం టోర్నీ మీద పడింది. చిన్న కాలేజీలో ఒక కుర్రాడు మెరిస్తే, మరుసటి ఏడాది పెద్ద కాలేజీ అతన్ని కొనుక్కుంటుంది. 2025లో ఆఖరి 16 జట్లన్నీ నాలుగే నాలుగు కాన్ఫరెన్సులవి, అందులో ఏడు ఒక్క ఎస్‌ఈసీవే. సెమీస్‌కి నాలుగు ఒకటో సీడ్‌లూ వచ్చాయి. అలా జరగడం 2008 తర్వాత అదే. ఫైనల్లో హ్యూస్టన్‌ని ఫ్లోరిడా 65-63తో ఓడించింది. మ్యాచ్ గొప్పగా ఉంది, టోర్నీలో మాత్రం ఉప్పు తగ్గింది. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పలేం, 2023లోనే ఒకటో సీడ్ ఒక్కటీ లేకుండా సెమీస్ జరిగాయి. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది.

ఎన్‌ఐటీ పరిస్థితి ఇంకా విచిత్రం. పెద్ద టోర్నీలో సీటు రాని జట్లు ఒకప్పుడు దానికోసం ఎదురుచూసేవి, 2024లో సెయింట్ జాన్స్ లాంటి జట్లు పిలిచినా రామన్నాయి. అప్పట్లో ఆ వారాల్లోనే ఆటగాళ్లు కాలేజీలు మారే గడువు మొదలయ్యేది. కోచ్‌లకి వచ్చే ఏడాది జట్టుని కూర్చుకోవడమే పెద్ద పని. దీనికి విరుగుడుగా ఫాక్స్ టీవీ అండతో 2025లో లాస్ వేగాస్‌లో క్రౌన్ అనే కొత్త టోర్నీ పుట్టింది. గెలిచిన జట్టు ఆటగాళ్లందరికీ కలిపి మూడు లక్షల డాలర్లు. మొదటిది నెబ్రాస్కా గెలిచింది. కప్పు పేరు చెబితే రానివాళ్లు డబ్బు పేరు చెబితే వచ్చారు.

68ని 72కో 76కో పెంచాలన్న వాదన వచ్చింది. 2025లో గట్టిగానే చర్చించి, 2026కి మాత్రం 68నే ఉంచారు. పెంచితే చిన్నవాళ్లకి మేలే కదా అనిపిస్తుంది. కానీ లీగ్ గెలిచినవాళ్ల సీట్లు పెరగవు, పెరిగేవి కమిటీ ఇచ్చే సీట్లు. వాటిలో ఎక్కువ భాగం పెద్ద కాన్ఫరెన్సుల్లో పదో స్థానంలోనో పన్నెండో స్థానంలోనో నిలిచిన జట్లకే వెళ్తాయి. చోటు చాలక, లీగ్ గెలిచి వచ్చిన చిన్న జట్లు మరికొన్ని డేటన్ తరహా ముందు మ్యాచ్‌లకి నెట్టబడతాయి. గురువారం మధ్యాహ్నం దేశం టీవీ పెట్టే వేళకి వాళ్లలో సగంమంది బస్సెక్కేసి ఉంటారు. 68 అయినా 76 అయినా ఆ పెద్ద అంకె కన్నా, లీగ్ గెలిచిన జట్లలో ఎన్నింటిని నేరుగా 64లో కూర్చోబెడుతున్నారన్నదే నేను చూసే లెక్క.